గట్టు వెనక పల్లంలో 80 కిలోవాట్లు: డెల్టాలో ఒక మంచినీటి పథకానికి సౌర విద్యుత్తు మదింపు

కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక రక్షిత మంచినీటి పథకం ఆవరణ దగ్గర, నేల మీద వంద కిలోవాట్ల సౌర విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన మదింపు కోసం మా దగ్గరికి వచ్చింది. అడిగినవారికి కావలసినవి రెండు అంకెలు: కరెంటు బిల్లు ఎంత తగ్గుతుంది, కార్బన్ ఎంత తగ్గుతుంది. రెండూ ఒక పూటలో తేలిపోయే లెక్కలే. కానీ డెల్టాలో ఒక కట్టడం పాతికేళ్లు నిలుస్తుందా అన్నది ఏడాదికి వచ్చే యూనిట్లతో తేలదు. తుఫాను వెళ్లిన మర్నాడు అది ఎవరికి పనికొస్తుంది? దాని కిందకు పోయే నేల ఇంతకాలం ఎవరికి పనికొచ్చింది? ఈ రెండూ తేలకుండా మిగతా లెక్కలు ఎంత చక్కగా వేసినా దండగ. మా మదింపు ఎక్కువగా వీటి చుట్టూనే నడిచింది. ఊరి పేరు, పథకం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

నీరు, కరెంటు

ఈ ప్రాంతంలో బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీరే పడుతుంది. తాగడానికి కాలువ నీరే దిక్కు. ధవళేశ్వరం బ్యారేజీ నుంచి మధ్య డెల్టా కాలువల్లో వచ్చే నీటితో మంచినీటి చెరువు నింపుకుంటారు. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేస్తారు కాబట్టి, కట్టేలోపే చెరువు నిండి ఉండాలి. ఆ నీరే కాలువలు మళ్లీ వదిలేదాకా రావాలి.

పథకం కింద దాదాపు 30 వేల జనాభా. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, దారిలో పోయేది కలుపుకుంటే రోజుకు 18 లక్షల లీటర్లు. చెరువు నుంచి ఫిల్టర్ బెడ్లకు ఎత్తాల్సింది పది మీటర్లు. శుద్ధి అయిన నీటిని సంప్ నుంచి ఊళ్లలోని ఓవర్‌హెడ్ ట్యాంకులకు పంపడానికి గొట్టాల్లో రాపిడితో కలిపి 35 మీటర్లు. పంపు, మోటారు కలిపి సామర్థ్యం 55 శాతం అనుకుంటే మొదటి ఎత్తుకు రోజుకు 90 యూనిట్లు, రెండోదానికి 310. మొత్తం 400, అంటే ఏడాదికి 1.46 లక్షల యూనిట్లు. ఈ తీరంలో కిలోవాటుకు ఏడాదికి 1,400 యూనిట్లు వేసుకోవచ్చు. ప్రతిపాదనలోని 'వంద కిలోవాట్లు' అన్న అంకె ఇలా పుట్టింది.

ఏడాది లెక్క కుదిరినంత మాత్రాన రోజు లెక్క కుదరదు. ఇక్కడ తెల్లవారుజామున నాలుగు నుంచి ఎనిమిది వరకు, మళ్లీ సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు రెండు 25 హెచ్‌పీ మోటార్లు నడుపుతున్నారు. కుళాయిలు వదిలే వేళలు అవి. ఎండ మండే మధ్యాహ్నం ఆ మోటార్లు ఆగి ఉంటాయి. నెట్ మీటరింగ్ ఉంది కదా, పగలు గ్రిడ్‌కు ఇచ్చి రాత్రి వెనక్కి తీసుకోవచ్చు కదా అన్నారు. మీటరు లెక్కకు అది చాలు. కానీ రాత్రి మోటారు తిప్పేది ప్రధానంగా బొగ్గు కరెంటే. కాబట్టి ప్యానెళ్ల సంఖ్య కంటే ముందు మోటార్ల వేళలు చూశాం. ఓవర్‌హెడ్ ట్యాంకు ఒక రకంగా బ్యాటరీయే. మధ్యాహ్నం ఎక్కించిన నీరు మర్నాడు పొద్దున్న కుళాయిలోకి దిగుతుంది.

అయితే పంపింగు మొత్తాన్ని పగటికి మార్చేద్దామంటే ఫిల్టర్ బెడ్లు ఒప్పుకోవు. ఇక్కడున్నవి స్లో శాండ్ ఫిల్టర్లు. ఇసుక పైపొరలో పెరిగే సూక్ష్మజీవుల పొరే నీటిని శుద్ధి చేస్తుంది. నీరు నెమ్మదిగా, ఆగకుండా పారుతుంటేనే ఆ పొర ఆరోగ్యంగా ఉంటుంది. బెడ్ల వైశాల్యం 750 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు గంటకు వంద లీటర్ల చొప్పున 24 గంటలూ నడిస్తేనే 18 లక్షల లీటర్లు వస్తాయి. ఎనిమిది గంటల్లో ముగించాలంటే మూడు రెట్ల వేగంతో తోలాలి, అప్పుడు వచ్చేది వడకట్టిన నీరే తప్ప శుద్ధి అయిన నీరు కాదు. అందుకని చెరువు దగ్గరున్న చిన్న మోటారు రాత్రింబగళ్లు తిరగాల్సిందే. శుద్ధి అయిన నీటిని పట్టే సంప్ ఆరు లక్షల లీటర్లు, అంటే ఎనిమిది గంటల నీరు. సాయంత్రం నాలుగుకు ఖాళీ చేస్తే అర్ధరాత్రికి నిండిపోతుంది. కాబట్టి రాత్రి ఒక విడత పెద్ద మోటార్లూ తప్పవు.

ఇవన్నీ కలిపి కొత్త వేళలు వేస్తే, ఎండ బాగా ఉన్న రోజున అవసరంలో 56 శాతం నేరుగా ప్యానెళ్ల నుంచే వస్తుంది. పాత వేళల్లో అయితే మా లెక్క పాతిక శాతం దగ్గర ఆగిపోయింది. ఒక్క ప్యానెల్ కూడా పెంచకుండా, ఆపరేటర్ల డ్యూటీ చార్టు మార్చడంతో వచ్చిన తేడా ఇది. ఇక 'నూరు శాతం సౌర విద్యుత్తుతో నడిచే పథకం' అని బోర్డు పెట్టాలన్న ముచ్చట ప్రతిపాదనలో ఉంది. దాన్ని తీసేయమన్నాం.

ఎక్కడ పాతాలి

మదింపులో ఎక్కువ కాలం పట్టింది ఇక్కడే. నాలుగు చోట్లు చూశాం.

ప్రతిపాదనలో ప్లాను గీసింది ఆవరణను ఆనుకుని ఉన్న పంచాయతీ చేను మీద. 60 సెంట్లు, చదునైన నేల, చుట్టూ చెట్టు నీడ లేదు, రోడ్డు పక్కనే. ఇంజినీరుకు అంతకంటే ఏం కావాలి? కానీ అది రెండు పంటల భూమి. ఏటా కౌలు వేలం వేస్తారు, పాడుకునేది సొంత పొలం లేని రైతులే. వంద కిలోవాట్లకు 40 సెంట్లు పోతే సార్వా, దాళ్వా కలిపి ఇరవై, పాతిక బస్తాల ధాన్యం పోయినట్టే. మిగిలే ముక్కలో ట్రాక్టరు తిరగదు. అన్నిటికంటే పెద్ద చిక్కు మరొకటి. పై చేల మురుగు ఈ చేను అంచున ఉన్న బోదె గుండానే డ్రెయిన్‌లోకి దిగుతుంది. ముంపు భయంతో ఈ చేనును మీటరు ఎత్తు మెరక చేస్తే పైనున్న చేలన్నీ నీళ్లలో నిలబడతాయి. సౌర విద్యుత్తు కోసం పక్కవాడి వరి కుళ్లబెట్టడం ఏ లెక్కలోనూ నిలకడ అనిపించుకోదు.

రెండోది చెరువు గట్టు. రికార్డులో అది 'ఖాళీ'. దక్షిణం వైపు గట్టు మీద రెండు వరుసల ప్యానెళ్లు చక్కగా పడతాయని ఒక సూచన వచ్చింది. గట్టు మీద నడిచి చూస్తే వరసగా పాతిన పశువుల గుంజలు కనిపించాయి. కొన్నింటికి తాళ్లు రాసుకుపోయి నున్నగా గాడులు పడ్డాయి. అక్కడే గడ్డి కోస్తున్న ఒకామెను అడిగితే, "ముంపు వస్తే గొడ్లను ఇంకెక్కడ కట్టుకోమంటారండీ?" అని ఎదురు ప్రశ్న వేసింది. చుట్టుపక్కల ఎత్తైన నేల ఆ గట్టు ఒక్కటే. డ్రెయిన్ పొంగినప్పుడల్లా రెండు పేటల గేదెలు, వాటితోపాటు కొందరు మనుషులు అక్కడికే చేరతారు. పైగా నీరు నిలిపే మట్టికట్టలో పునాదులు దించితే ఊటలకు దారి ఇచ్చినట్టే. ఈ చోటును వెంటనే కొట్టేశాం.

మూడోది చెరువు నీటి మీద తేలే ప్యానెళ్లు. సింహాద్రి థర్మల్ కేంద్రం జలాశయం మీద ఎన్‌టీపీసీ 25 మెగావాట్లు తేలించింది, అది బాగా నడిచే పద్ధతే. ఆవిరి కూడా తగ్గుతుంది. కానీ ఇక్కడి చెరువు మట్టం వేసవిలో అడుగుకు చేరుతుంది, ఏటా కాకపోయినా ఎప్పుడో ఒకప్పుడు పూడిక తీయాలి, గాలివానకు లంగరు తెగితే తెప్పలు ఇన్‌టేక్ బావి మీదకు కొట్టుకొస్తాయి. ఏడెకరాల చెరువుకు ఇంత తంటా అనవసరం.

మిగిలింది ఫిల్టర్ బెడ్ల వెనక, గట్టుకూ డ్రెయిన్‌కూ మధ్య ఉన్న 70 సెంట్ల పల్లం. బెడ్ల నుంచి గీరి తీసిన ఇసుక, చెరువు పూడిక అక్కడే పోస్తూ వచ్చారు. సర్కారు తుమ్మ పెరిగిపోయింది. వర్షాకాలంలో మోకాలి లోతు నీరు. ఎవరికీ అక్కర్లేని నేల అనిపిస్తుంది కానీ, అక్కడా పచ్చిగడ్డి కోసుకునేవాళ్లు ఉన్నారు. ఆ హక్కు పోకుండా చూడాలన్న షరతుతో ఈ పల్లాన్నే ఖాయం చేశాం.

పల్లానికి దక్షిణపు హద్దున ఒక రైతు కొబ్బరి వరుస ఉంది, చెట్ల ఎత్తు 18 మీటర్ల దాకా ఉంటుంది. నష్టపరిహారం ఇచ్చి కొట్టించేద్దాం అన్నారు. ముందు నీడ లెక్క వేశాం. డిసెంబరు 21న ఉదయం తొమ్మిదికి ఈ అక్షాంశంలో సూర్యుడు 30 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, చెట్టు నీడ వాయవ్యంగా 30 మీటర్లు పోతుంది. అందులో ఉత్తరానికి పడేది 20 మీటర్లు. అంటే హద్దు నుంచి 20 మీటర్లు వదిలేస్తే చాలు. గాలివానకు 18 మీటర్ల చెట్టు విరిగి పడినా ఆ 20 మీటర్లలోనే పడుతుంది. 1996 నవంబరు 6న తుఫానుకు కోనసీమలో కొబ్బరి ఎలా నేలకూలిందో చూసినవారికి ఈ రెండో లెక్క మొదటిదానికంటే ముఖ్యమని చెప్పనక్కర్లేదు. ఆ పట్టీకి 30 సెంట్లు, డ్రెయిన్ కట్టకు 8 సెంట్లు పోగా 32 సెంట్లు మిగిలాయి. అందులో పట్టేది 80 కిలోవాట్లు. వంద అన్న నిండు అంకె పోయిందని కొందరు చిన్నబుచ్చుకున్నారు. చెట్లు మాత్రం నిలిచాయి.

గాలి, ముంపు, ఉప్పు

ప్రతిపాదనకు జత చేసిన స్ట్రక్చర్ డిజైన్ ఎక్కడో లోతట్టు జిల్లాలో వాడినదానికి నకలు. అందులో గాలి వేగం సెకనుకు 39 మీటర్లు. కట్టడాల మీద గాలి భారానికి భారత ప్రమాణమైన ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం ఈ తీరానికి వేసుకోవలసింది 50. అంతటితో ఆగకూడదు. తుఫాను తర్వాత కూడా పనిచేసి తీరాల్సిన కట్టడాలకు, తీరం నుంచి 60 కిలోమీటర్ల లోపు, 2015 నాటి సవరణ 1.3 గుణకం వేయమంటుంది. మంచినీటి పథకం అలాంటిదే కదా. అప్పుడు వేగం 65 అవుతుంది. గాలి ఒత్తిడి వేగానికి వర్గంలో పెరుగుతుంది కాబట్టి, నకలు డిజైన్ మోయగలిగినదానికి ఇది దాదాపు 2.8 రెట్లు. ఆ డిజైన్‌తో కట్టి ఉంటే మొదటి పెద్ద గాలికే ప్యానెళ్లు చేలల్లో ఏరుకోవాల్సి వచ్చేది.

ముంపు దీనికి ఎదురు లాగుతుంది. డ్రెయిన్‌లో గుర్రపు డెక్క పేరుకుపోయి, పైనుంచి వాన, కిందనుంచి పోటు కలిసిన రోజున పల్లంలో నీరు 1.2 మీటర్ల దాకా లేస్తుందని గుర్తులు చెబుతున్నాయి. కాబట్టి ప్యానెల్ కింది అంచు నేల నుంచి 1.8 మీటర్ల ఎత్తులో పెట్టాం. ఎత్తు పెంచితే గాలి ఎక్కువ పడుతుంది, ఇనుము ఎక్కువ పడుతుంది. దాన్ని కొంత తగ్గించడానికి వాలును 16 డిగ్రీల నుంచి 10కి దించాం. దాంతో ఏడాది ఉత్పత్తిలో పోయేది ఒక శాతం లోపే. పది కంటే తగ్గిస్తే వాన నీరు దుమ్మును కడగదు, కింది అంచున మట్టి కడుతుంది. ఇన్వర్టర్లు (ప్యానెళ్ల డీసీ కరెంటును ఏసీగా మార్చేవి), స్విచ్ బోర్డులు ఇంకా పైన, మెట్లున్న కాంక్రీటు అరుగు మీద పెట్టమన్నాం.

నేల బరువైన నల్లమట్టి. తడిసి ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారుతుంది. మనిషి లోతు తవ్వకముందే ఊట నీరు వచ్చింది. ఇలాంటి మట్టిలో అండర్ రీమ్డ్ పైల్సే, అంటే అడుగున గడ్డలా ఉబ్బిన కాంక్రీటు పునాది స్తంభాలే నయం. పై గాలికి పైల్ పైకి లేస్తుందా లేదా అన్నది పుస్తకం చూసి కాక, అక్కడే లాగి పరీక్షించి తేల్చుకోవాలి. అదీ తడి నేలలోనే. వేసవిలో గట్టిపడిన నేలలో చేసిన పరీక్షను ఒప్పుకోవద్దని టెండరులోనే రాయించాం.

ఉప్పు సంగతి అక్కడి కంచె స్తంభాలే చెప్పాయి. డ్రెయిన్ అంచున ఉన్న జీఐ (జింకు పూత వేసిన ఇనుప) స్తంభాలు నడుము పైన మెరుస్తూనే ఉన్నాయి, కాంక్రీటులోంచి బయటికి వచ్చే చోట, చీలమండ ఎత్తులో, వేలితో నొక్కితే పెచ్చులుగా రాలాయి. నీరు నిలిచేది అక్కడ, తడి ఆరేది అక్కడ, ఉప్పు మిగిలేది అక్కడ. అందుకే పైల్ తలను చదునుగా వదలకుండా నీరు జారేలా వాలుగా పోయమన్నాం. కాంక్రీటుకు పైనా కిందా అడుగు మేర జింకు పూత మీద ఇంకో పూత వేయించమన్నాం. ప్యానెళ్లకు ఉప్పుగాలి పరీక్ష, ఐఈసీ 61701 ధ్రువపత్రం అడగడం ఎలాగూ మామూలే.

తుఫాను మర్నాడు

ఇదంతా చేసి ప్యానెళ్లు చెక్కుచెదరకుండా నిలిచాయి అనుకుందాం. మర్నాడు ఆకాశం విప్పారుతుంది, ఎండ కాస్తుంది. స్తంభాలు కూలి గ్రిడ్‌లో కరెంటు ఉండదు. అప్పుడు ఈ కేంద్రం నుంచి ఒక్క యూనిట్ కూడా రాదు. గ్రిడ్ ఆగితే ఇన్వర్టరు తనంతట తాను ఆగిపోవాలి. లైన్ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం కోసం పెట్టిన నియమం అది. ప్రజాప్రతినిధుల్లోనే కాదు, ఇంజినీర్లలో కూడా కొందరికి ఇది కొత్తగా వినిపించింది. నెత్తి మీద ఎండ, ఎదురుగా ప్యానెళ్లు, కుళాయి మాత్రం ఎండిపోయి ఉంటుంది.

దీనికి పెద్ద బ్యాటరీ గది అక్కర్లేదు. 80లో 25 కిలోవాట్ల ప్యానెళ్లకు చేంజోవర్ స్విచ్ పెట్టి, అవసరమైన రోజున వాటిని ఇన్వర్టరు నుంచి తప్పించి సోలార్ పంపు డ్రైవ్‌లకు కలిపితే చాలు. పొలాల్లో సోలార్ పంపుసెట్లను నడిపే పరికరమే అది. ఒక డ్రైవ్ చెరువు మోటారుకు, ఇంకొకటి అదనంగా పెట్టే 15 హెచ్‌పీ మోటారుకు. ఎండ కాసే రోజున కిలోవాటుకు నాలుగు యూనిట్లు వేసుకుంటే వంద యూనిట్లు వస్తాయి. రెండు ఎత్తులూ కలిపి వెయ్యి లీటర్లకు పడేది 0.22 యూనిట్లు. అంటే నాలుగున్నర లక్షల లీటర్లు, 30 వేల మందికి తలా 15 లీటర్లు. విపత్తు వేళల్లో మనిషికి కనీసం ఇవ్వాల్సిందని విపత్తు సహాయానికి సంబంధించిన అంతర్జాతీయ స్ఫియర్ ప్రమాణాలు చెప్పే నీరు సరిగ్గా అంతే. డీజిల్ ట్యాంకరు రావాలంటే రోడ్డు తెరుచుకునేదాకా ఆగాలి, దీనికి ఆ బెడద లేదు. మొత్తం మదింపులో ఖర్చుకు మించి ఫలితం ఇచ్చేది ఏదని అడిగితే ఈ స్విచ్చినే చూపిస్తాను.

కార్బన్

80 కిలోవాట్లు ఏడాదికి 1.12 లక్షల యూనిట్లు ఇస్తాయి. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఏటా 78 టన్నులు తగ్గుతుంది. ఎత్తు కోసం, గాలి కోసం అదనంగా పడే ఇనుము నాలుగు టన్నులు. మన దేశంలో టన్ను ఉక్కుకు రెండున్నర టన్నుల ఉద్గారం వేసుకుంటే పది టన్నులు, నెలా పదిహేను రోజుల ఉత్పత్తితో తీరిపోతుంది. ఇనుము ఎక్కువైతే పర్యావరణానికి నష్టమన్న వాదన ఒకటి వచ్చింది కాబట్టి ఈ లెక్క ఇస్తున్నాను. గాలికి ఎగిరిపోయి మళ్లీ కొనే ప్యానెళ్ల ఉద్గారం ముందు ఇది ఏమూలకూ రాదు.

డబ్బు, చాకిరీ

యూనిట్ ఏడు రూపాయలు అనుకుంటే ఏడాదికి 7.8 లక్షలు మిగలాలి. కాగితం మీద పెట్టుబడి ఆరేడేళ్లలో తిరిగి వస్తుంది. కానీ ఈ పథకానికి పాత కరెంటు బకాయిలు పేరుకుపోయి ఉన్నాయి. కట్టని బిల్లులో ఆదా ఏమిటి? బకాయి పెరగడం మందగిస్తుంది, అంతే. చేతికి రూపాయి రాదు. ఆ రాని రూపాయితోనే నిర్వహణ జరిపిస్తామని ప్రతిపాదనలో రాశారు. అది కుదరదని, మొదటి ఐదేళ్ల నిర్వహణను కాంట్రాక్టు ధరలోనే కలపమని, పది పన్నెండేళ్లకు ఇన్వర్టర్లు మార్చడానికి కుళాయి పన్నులో కొంత విడిగా బ్యాంకులో వేయమని సూచించాం. పన్ను వసూళ్లు ఎంత అని అడిగినప్పుడు అందరూ పంచాయతీ కార్యదర్శి వైపు, ఆయన కిటికీ వైపు చూశారు.

చాకిరీ విషయంలో డెల్టాకు ఒక వెసులుబాటు ఉంది. వానలు ఎక్కువ, దుమ్ము తక్కువ. దాళ్వా కోతల కాలంలో మాత్రం నూర్పిళ్ల దుమ్ము, గడ్డి తగలబెట్టిన మసి పడతాయి. చెరువులున్న చోట కొంగలు, నీటికాకులు ఉంటాయి, వాటి రెట్టలు వానకు కూడా సరిగ్గా పోవు. రెట్ట పడిన చోట సెల్ వేడెక్కి మాడుతుంది కాబట్టి చేత్తో తుడవాల్సిందే. కడగడానికి శుద్ధి చేసిన కాలువ నీరే వాడాలి, బోరు నీరు వాడితే అద్దం మీద ఉప్పు చారలు కడతాయి. తాగునీటి చెరువు పక్కన గడ్డిమందు కొట్టడానికి వీల్లేదని ఒప్పందంలో రాయించాం. గడ్డి పెరగనివ్వాలి, కోసుకునే హక్కు ఇదివరకు కోసుకున్నవాళ్లదే. 1.8 మీటర్ల ఎత్తు వాళ్లకూ కలిసొచ్చింది, ప్యానెళ్ల కింద మనిషి నిలబడి కొడవలి తిప్పవచ్చు. కేబుళ్లను ఎలుకలు కొరకకుండా గొట్టాల్లో వేయడం, జంక్షన్ పెట్టెల్లో పాములు దూరకుండా రంధ్రాలు మూయడం, ఏటా తుఫానుల కాలానికి ముందు బోల్టులన్నీ టార్క్ రెంచితో బిగించడం ఆపరేటరు రిజిస్టరులోకి ఎక్కించాం.

ఇక పాత ప్యానెళ్లు. 2022 నాటి ఈ-వ్యర్థాల నియమాల్లో సౌర ప్యానెళ్లూ ఉన్నాయి. ఇక్కడ ఉండేవి 150 దాకా, నాలుగు టన్నుల పైచిలుకు. పాతికేళ్ల దాకా ఆగకుండా గాలికి పగిలేవి ముందే వస్తాయి. వాటిని డ్రెయిన్ గట్టున పారేయకుండా ఫిల్టర్ హౌస్ వెనక షెడ్డులో ఉంచాలని, తయారీదారు వెనక్కి తీసుకోవాలన్న షరతు కొనుగోలు ఆర్డరులోనే ఉండాలని రాశాం.

తగ్గిన 20 కిలోవాట్లను రెండో దశలో చేను మీద కట్టే వీలుందా అని చివరి సమావేశంలో మళ్లీ అడిగారు. అదే డబ్బును సంప్ మీద పెట్టమన్నాం. ఇంకో ఆరు లక్షల లీటర్ల సంప్ కడితే అర్ధరాత్రి విడత దాదాపు పోతుంది, ఎండ బాగా ఉన్న రోజున నేరుగా వాడుకునే వాటా 56 శాతం నుంచి 80 దాటుతుంది. సంప్‌కు అంచనాలు వేయమని తీర్మానం చేశారు. చేను ఈ ఏడు కూడా కౌలు వేలానికి వెళ్లింది.